కళ్ళు మూసుకుని అన్న మాటలు

ఆ స్కూలు ప్రిన్సిపాల్ గారు ఎవర్నీ తిట్టి ఎరగరు. కొత్తగా చేరిన టీచర్లకి పాతవాళ్ళు మొదట చెప్పే సంగతి ఇదే. చెప్పేటప్పుడు వాళ్ళ మొహాల్లో సంతోషం లేకపోయేసరికి కొత్తవాళ్ళకి అయోమయంగా ఉండేది. కొన్నాళ్ళు పోయాక వాళ్ళకే తెలిసొచ్చేది. ఆయన తిట్టాల్సినవన్నీ దేవుడితో చెప్పుకుంటారు. పైకి, గట్టిగా, అందరి మధ్యా.

పొద్దున మొదటి గంటకు ముందు స్టాఫ్ రూములో ప్రార్థన. టీచర్లందరూ గోడల వెంట నిలబడి తలలు వంచుకునేవాళ్ళు. లెక్కల టీచరు నాలుగు రోజులుగా ఆలస్యంగా వస్తోందనుకోండి, ఆమెను గదిలోకి పిలిచి అడగడమనేది ఉండదు. "ప్రభువా, సమయం నీ వరం. ఆ వరాన్ని అద్దం ముందు ఖర్చు చేస్తున్న నీ కుమార్తెను క్షమించు" అని ప్రార్థన మధ్యలో ఒక మాట పడేది. డ్రిల్లు మాస్టారు కమిటీ సభ్యుడెవరికో నమస్కారం పెట్టడం మరిచిపోతే, "బిగుసుకున్న మెడలను నీవే వంచు తండ్రీ" అనేవారు. పేరు ఎత్తరు. ఎత్తక్కర్లేదు. వంచిన తలలన్నీ ఓరకంట ఆ ఒక్క మనిషి వైపే తిరిగేవి. జవాబు చెప్పడానికి వీల్లేదు, ప్రార్థన మధ్యలో నోరు తెరిచేదెవరు? చివర్లో అందరితోపాటు ఆ మనిషి కూడా ఆమెన్ అనాలి. అనకపోతే మర్నాడు ఆ సంగతి కూడా దేవుడి దాకా వెళ్ళేది.

టీచర్లు చాటుగా ఆయనకి కన్నుమూత సారు అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు వైస్ మేడమ్ పెట్టిందేనని కొందరి అనుమానం. నిజమే, ఆమే పెట్టింది.

వైస్ మేడమ్ అంటే ఆ స్కూలు వైస్ ప్రిన్సిపాల్. ప్రిన్సిపాల్ గారి తమ్ముడి భార్య. స్కూల్లో ఆయన్ని సర్ అనేది, ఇంటి దగ్గర బావగారు అనేది, మనసులో అనుకునే మాట వేరే ఉండేది. స్కూలు నడిపేది తనే. టైమ్‌టేబుల్ వేసేది తను, రాని టీచరు క్లాసుకి ఇంకొకర్ని పంపేది తను, పంపు పాడైతే ప్లంబరు వెంట పడేది తను, ఫీజు గొడవ పెట్టుకుని వచ్చిన తల్లిదండ్రుల ముందు నిలబడేదీ తనే. బావగారు తన గదిలో తలుపు వేసుకుని ఉపన్యాసాలు తయారుచేసుకునేవారు. ఆ గదిలోంచి ఒక్కోసారి ఆయన గొంతు వినిపించేది. ఎక్కడ గద్గదమవ్వాలో, ఎక్కడ ఆగాలో సాధన చేసుకుంటున్నారన్నమాట. ఒకసారి ఆమె సంతకం కోసం తలుపు తోస్తే, ఆయన బీరువా అద్దం ముందు చేతులు చాచి నిలబడి ఉన్నారు. ఏమాత్రం తడబడకుండా ఆ చేతుల్నే ఆశీర్వాదంగా మార్చి, "రామ్మా" అన్నారు.

ప్రార్థన జరుగుతున్నంతసేపూ వైస్ మేడమ్ ఒక కన్ను తెరిచే ఉంచేది. పైకెత్తిన ఆ గడ్డం, మూసిన రెప్పల కింద అటూ ఇటూ కదిలే ఆ గుడ్లు, వాక్యం బాగా కుదిరినప్పుడు పెదవి చివర మెరిసే ఆ చిన్న తృప్తి, అన్నీ చూసేది. చూసి లోపల్లోపల నవ్వుకునేది. ఇంత చిన్న మనిషికి అంత పెద్ద దేవుడి వత్తాసు కావాల్సి వచ్చిందే అనుకునేది. ఆయన్ని మనసులో అలా తీసిపారెయ్యడంతో తన వంతు పని అయిపోయినట్టే ఉండేది ఆమెకి. ఎదురు చెప్పాలని ఎప్పుడైనా నాలుక దురదపెట్టినా భర్త మొహం గుర్తొచ్చి ఊరుకునేది. తండ్రి పోయాక భర్తని చదివించింది, మందుల షాపు పెట్టించింది ఈ అన్నయ్యే. ఆ ఇంట్లో అన్నయ్య మాటంటే మాటే.

ఇలా సాగుతుండగా మూడో తరగతి టీచరు సంగతి వచ్చింది.

ఆమె నెమ్మదైన మనిషి. నోట్లో నాలుక ఉందా అన్నట్టుండేది స్టాఫ్ రూములో. క్లాసులో మాత్రం ఆమే వేరు. వరండా అవతలి దాకా పిల్లల నవ్వులు వినిపించేవి. భాగహారం రాని పిల్లలు కూడా ఆమె దగ్గరికొచ్చాక సుద్దముక్క కోసం పోటీ పడేవాళ్ళు. ఆమె ఇంటాయన చెయ్యి చేసుకుంటాడని టీచర్లలో కొందరికి తెలుసు. ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల జాకెట్టు వేసుకొస్తే ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఒక వారం ఆమె కూతుర్ని తీసుకుని ఇల్లు వదిలి వచ్చేసింది. దర్జీ షాపు మీద ఒక గది అద్దెకి తీసుకుంది. పాపని స్కూల్లో దించి రావాలి గనక కొన్నాళ్ళు మొదటి పీరియడ్‌కి ఆలస్యమవుతుందని చెప్పడానికి ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళింది. ఎందుకని ఆయన మెత్తగా అడిగారు. తండ్రి లాంటివారు కదా అని ఉన్నదున్నట్టు చెప్పుకుంది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, తన హృదయంలో చాలా భారంగా ఉందన్నారు.

మర్నాడు పొద్దున ఆ భారమంతా స్టాఫ్ రూములో దించారు.

"ప్రభువా, మా మధ్య ఒక కుటుంబం విరిగింది. విరిగిన ఇంట్లోంచి వచ్చే చేతులు నీ పిల్లలకి ఏం నేర్పుతాయి తండ్రీ? భర్త చెయ్యెత్తే దాకా తెచ్చుకున్న నీ కుమార్తెకి విధేయత నేర్పు. దెబ్బ తగిలిన చోటే నీ స్వరం వినే చెవినివ్వు" అన్నారు. ఇంకా చాలాసేపు అన్నారు. చాలా బాగా అన్నారు. గొంతు ఎక్కడ వణకాలో అక్కడ వణికింది.

మూడో తరగతి టీచరు వైస్ మేడమ్ పక్కనే నిలబడి ఉంది. ఆమె చేతిలోని హాజరు పట్టీని మూసేయడం వైస్ మేడమ్ తెరిచిన కంటికి కనిపించింది. ప్రార్థన ముగిసింది. అందరూ ఆమెన్ అన్నారు. టీచరు హాజరు పట్టీ బల్ల మీద పెట్టి, సంచీ భుజానికి తగిలించుకుని, గేటు దాటి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

ప్రభువు తన తోటని తానే శుభ్రం చేసుకుంటాడని ప్రిన్సిపాల్ గారు కమిటీ వాళ్ళతో అన్నారట.

మూడో తరగతికి కొత్తగా చదువు ముగించిన ఒక అమ్మాయిని పెట్టారు. ఆ పిల్ల క్లాసు మధ్యలో ఏడుస్తూ బయటికి వచ్చేది. పిల్లలు పాఠం మానేసి, మా టీచరు ఎప్పుడొస్తుందని వైస్ మేడమ్ కొంగు పట్టుకుని అడిగేవాళ్ళు. తల్లిదండ్రులు గేటు దగ్గర గుంపుగా చేరి అదే ప్రశ్న వేరే గొంతుతో అడిగేవాళ్ళు.

సరిగ్గా అప్పుడే క్రైస్తవ పాఠశాలల ప్రధానోపాధ్యాయుల సమావేశం ఆ స్కూల్లోనే జరపాలని తేలింది. అంశం ఆత్మీయ నాయకత్వం. సమావేశం చివర ఆ ప్రధానోపాధ్యాయుల సంఘానికి కొత్త అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. ఎవర్ని ఎన్నుకుంటారో అందరికీ తెలుసు, అందుకే ఇక్కడ పెట్టారు. బావగారు ఉత్సాహంతో నేల మీద నిలవలేదు. అతిథులు నడిచే వైపు గోడలకే సున్నం వేయించారు. రెండో వైపు గోడలు ఎప్పట్లాగే పెచ్చులూడుతూ ఉండిపోయాయి. మంచి మరుగుదొడ్లకి తాళం వేయించి, అతిథులు వచ్చే దాకా పిల్లలెవరూ వాటి ఛాయలకి వెళ్ళకూడదన్నారు. చిన్నపిల్లలు కాళ్ళు ముడుచుకుని వరసలో నిలబడి ఉంటే వైస్ మేడమ్‌కి ఒళ్ళు మండింది. తాళం చెవి తన దగ్గరే ఉండడంతో తలుపు తెరిచేసింది.

సమావేశానికి కొద్ది రోజుల ముందు ఒక సాయంత్రం ఆమె దర్జీ షాపు మీది గదికి వెళ్ళింది. మూడో తరగతి టీచరు నేల మీద కూర్చుని ట్యూషన్ పిల్లల పుస్తకాలు దిద్దుతోంది. కింద కుట్టుమిషను చప్పుడుకి నేల సన్నగా అదురుతోంది. వైస్ మేడమ్‌కి కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, తను మళ్ళీ కిందే కూర్చుంది. వైస్ మేడమ్ పిల్లల గురించి చెప్పింది, ప్రిన్సిపాల్ గారి మాటలు పట్టించుకోవద్దంది, ఆయన సంగతి తెలిసిందే కదా అని రెండు చమత్కారాలు కూడా వేసింది. కన్నుమూత సారు అన్న పేరు చెప్పి నవ్వించబోయింది.

టీచరు నవ్వలేదు. ఎర్ర పెన్ను మూత పెట్టింది.

"ఆయనెలాంటివారో నాకు ముందే తెలుసు మేడమ్. ఆ రోజు నా పక్కన నిలబడింది మీరు. నా చెవిలో పడింది మీ ఆమెన్."

"అందరం అంటాం కదమ్మా. అలవాటు."

"అవును మేడమ్. అలవాటే."

మళ్ళీ రావడానికి తనకేం అభ్యంతరం లేదని, ఉద్యోగం తనకి అవసరమేనని టీచరు చెప్పింది. ఒక్కటే అడిగింది. నేను చేసిన తప్పేమిటో ఆయన కళ్ళు తెరిచి నాతో చెప్పాలి, తప్పు లేకపోతే లేదనీ నాతోనే చెప్పాలి, అంది.

వైస్ మేడమ్ మెట్లు దిగుతుంటే మొహం మీద ఎవరో కొట్టినట్టు వేడిగా ఉంది. ఇన్నాళ్ళూ బావగారిని చులకనగా చూస్తూ తనేదో ఎత్తున ఉన్నాననుకుంది. ఆ ఎత్తు మీంచి తను చేసిందల్లా ఒక కన్నుతో చూసి, నోటితో ఆమెన్ అనడం.

మర్నాడు ఆమె ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళి నేరుగా విషయం ఎత్తింది. ఆయన సాంతం విన్నారు. ఆ సహోదరి కోసం రోజూ ప్రార్థిస్తూనే ఉన్నానన్నారు. ఆమెతో ఒక్కమాట మాట్లాడండని వైస్ మేడమ్ అంటే, "మనిషితో మాట్లాడితే వాదన పెరుగుతుందమ్మా, దేవుడితో మాట్లాడితే శాంతి పెరుగుతుంది" అని, వెంటనే కళ్ళు మూసేశారు. ఆమె నిలబడి ఉండగానే, కుటుంబం పేరు చెప్పుకుని పెద్దలకి పాఠాలు చెప్పే స్త్రీల అతిశయం గురించి ప్రభువుకి విన్నవించుకున్నారు. ఆమె ఆయన ప్రార్థన ముగించక ముందే తలుపు తీసుకుని బయటికి వచ్చేసింది. అలా రావచ్చని అన్నేళ్ళలో మొదటిసారి తెలిసింది.

ఆదివారం ఆరాధన అయ్యాక రెండు కుటుంబాలూ బావగారింట్లో భోంచేయడం మామూలు. వంటింట్లో తోడికోడలితో ఈ సంగతి చెప్పింది. ఆమె గిన్నెల మీద మూతలు పెడుతూ, ఆశ్చర్యమేమీ పడకుండా విన్నది.

"భోజనం ప్రార్థనలో నా వంటకి ఎప్పుడూ వంకలే చెల్లీ. ఉప్పెక్కువైన సంగతి కూడా దేవుడికే చెప్పేవారు. ఇప్పుడు ప్రార్థన అయ్యేదాకా మూతలు తియ్యను. ఏముందో తెలియకపోతే ఏం చెప్తారు?"

ఇద్దరూ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నవ్వాక వైస్ మేడమ్‌కి అన్నం సయించలేదు.

సమావేశం రోజు వచ్చింది. ఊళ్ళ నుంచి కార్లలో, వ్యాన్లలో ప్రధానోపాధ్యాయులు దిగారు. వందనాలు, కౌగిలింతలు. హాల్లో ఒకరి తర్వాత ఒకరు లేచి తమ సాక్ష్యం చెప్పారు. నాకంటే అల్పుడు లేడని ఒకాయన అంటే, నా స్కూల్లో అందరికంటే చివర భోంచేసేది నేనేనని ఇంకొకాయన అన్నాడు. వినయంలో ఒకర్నొకరు తోసుకుంటూ ముందుకు పోతున్నారు. ఒక హెడ్‌మిస్ట్రెస్ పిల్లల్ని తలుచుకుని కన్నీళ్ళు పెట్టుకుంది, పెట్టుకుంటూనే ఫోటో తీసేవాడికి అడ్డంగా ఉన్న పూలకుండీని పక్కకి జరిపించింది. వేదిక మధ్య కుర్చీలో బిషప్ గారు కునికిపాట్లు పడుతున్నారు. పెద్దవయసాయన. మధ్యాహ్నం భోంచేసి ఎన్నిక ముగించుకుని పోదామన్న ధ్యాసలో ఉన్నారు.

బావగారి ఉపన్యాసం అందరికంటే చివర. నాయకుడంటే మోకాళ్ళ మీద నడిచేవాడన్నారు. తన సిబ్బందిలో ఒక్కరి కన్నీరు కూడా తన దిండు తడపకుండా పోలేదన్నారు. చప్పట్లు మోగాయి. ఆ ఊపులో, ముగింపు ప్రార్థన తన కింద పనిచేసే సహోదరి చేస్తుందని ప్రకటించారు. చూశారా, ఎంత తగ్గించుకున్నారో అన్నట్టు హాలంతా తలలూపింది.

వైస్ మేడమ్ మైకు ముందుకి వెళ్ళింది. తలలన్నీ వంగాయి. ఆ వంగిన తలల్ని చూడగానే ఆమెకి ఒక ఆలోచన తట్టింది. తట్టడమే ఆలస్యం, కళ్ళు మూసుకుంది.

"ప్రభువా, మనుషుల మొహం చూసి చెప్పలేని మాటలు నీతో చెబుతున్నాం, మనుషులకి వినపడేలా. నిన్ను అడ్డం పెట్టుకుని చిన్నవాళ్ళని కొడుతున్నాం. దెబ్బలు తిని మా దగ్గరికి వచ్చిన స్త్రీ రహస్యాన్ని నీకు చెప్పినట్టు చెప్పి అందరికీ పంచాం. అద్దం ముందు గొంతు వణికించడం నేర్చుకుని, దాన్ని నీ ఆత్మ అన్నాం..."

మాటలు వాటంతటవే వస్తున్నాయి. ఎవరూ ఆపలేరు, ఎవరూ ఎదురు చెప్పలేరు. ఇంత హాయిగా ఉంటుందా ఇది అనిపించింది. గొంతు ఒకచోట దానంతటదే వణికితే, ఇంకాస్త వణికించింది కూడా.

హాల్లో అక్కడక్కడా స్తోత్రం, స్తోత్రం అన్నారు. ముగించేసరికి ఆమెన్ పైకప్పు దాకా లేచింది. ఆమె కళ్ళు తెరిచి బావగారి వైపు చూసింది. ఆ మొహంలో నెత్తురుచుక్క లేకుండా పోయి ఉంటుందనుకుంది. ఆయన చేతిరుమాలుతో కళ్ళు ఒత్తుకుంటున్నారు.

కిందికి దిగగానే చుట్టూ మూగారు. తన స్కూల్లో ఫిజిక్స్ మాస్టారు ఈ ప్రార్థన విని ఉంటే బాగుపడేవాడని ఒకాయన వాపోయాడు. పూలకుండీ జరిపించిన ఆవిడ, ఎవరో ఒకామె గురించి చెవిలో చెప్పి, అచ్చం ఆమెకి తగిలేలా అన్నారని మెచ్చుకుంది. చివరికి బావగారే వచ్చారు.

"మంచి భారంతో ప్రార్థించావమ్మా. తగలాల్సిన వాళ్ళకి తగిలే ఉంటుంది."

ఇంత మందిలో ఒక్కరంటే ఒక్కరికి అది తమ గురించి అనిపించలేదు. కింద నిలబడ్డవాళ్ళకే ఈ దెబ్బ తగులుతుంది, పైనున్నవాళ్ళకి దీపం పట్టి చూపించినా పక్కవాడే కనిపిస్తాడు. ఆ పెద్దల జాతి మీద ఆమెకున్న రోత అప్పటికి నిండింది. ఇంకా రోతగా ఉన్నదేమంటే, ఆ గొంతు వణుకు తనకీ ఎంత సులువుగా వచ్చిందో.

భోజనాల దగ్గర బిషప్ గారు పళ్ళెం ముందు కూర్చుని అప్పుడే చెంచా అందుకున్నారు. చుట్టూ పెద్దలు. వైస్ మేడమ్ వెళ్ళి ఆయన ఎదురు కుర్చీ లాక్కుని కూర్చుంది. మా స్కూల్లో ఒక టీచరుకి అన్యాయం జరిగింది, మీతో చెప్పాలి, అంది.

"తప్పకుండా ప్రార్థనలో పెడదామమ్మా" అంటూ బిషప్ గారు, పాపం అలవాటుగా, చెంచా పట్టుకునే కళ్ళు మూసుకోబోయారు.

"కళ్ళు మూయకండి అయ్యగారూ. నేను దేవుడితో కాదు, మీతో మాట్లాడుతున్నాను."

పక్కనున్న పళ్ళేల చప్పుడు ఆగిపోయింది. ఆమె గొంతు పెంచలేదు, తగ్గించలేదు. ఎవరు, ఎప్పుడు, ఎవరి ముందు, ఏమన్నారో పేరుపెట్టి చెప్పింది. ప్రిన్సిపాల్ గారు అని బిషప్ గారి మొహం చూస్తూ చెప్పింది. తను పక్కనే నిలబడి ఆమెన్ అన్న సంగతి కూడా దాచలేదు. బావగారు గబగబా వచ్చి, ఇది మా కుటుంబ విషయం, మా మరదలు కొంచెం అలసిపోయిందన్నారు.

"ఇది స్కూలు విషయం సర్. కుటుంబ విషయం వేరే ఉంది, అది ఇంటి దగ్గర మాట్లాడతాను."

బిషప్ గారు చెంచా కింద పెట్టి, ఈ మాటలు మీరు అన్నారా అని ఆయన్నే అడిగారు. బావగారు నీళ్ళు నమిలారు.

"నేను... నేను దేవునితో మాట్లాడాను అయ్యగారూ."

"అంత గట్టిగానా?" అన్నారు బిషప్ గారు.

ఎవరో కిసుక్కున నవ్వి దగ్గుగా మార్చేశారు. ఆ రోజు ఎన్నిక జరగలేదు. బిషప్ గారికి ఒంట్లో నలతగా ఉందని, మరోసారి చూద్దామని ప్రకటించి, అతిథుల్ని పంపేశారు.

ఆ వారంలోనే బిషప్ గారు తన ఆఫీసుకి ముగ్గుర్నీ పిలిపించారు. పాత బల్ల, దాని మీద గాజు, గాజు కింద ఎప్పటివో ఫోటోలు. మూడో తరగతి టీచరు కుర్చీ అంచున కూర్చుని ఉంది. బిషప్ గారు ప్రిన్సిపాల్ గారిని, ఆమెతో చెప్పాల్సింది చెప్పండన్నారు. ఆయన సర్దుకుని, గొంతు సవరించుకుని, కళ్ళు మూసుకున్నారు. బిషప్ గారు వేలితో బల్ల మీద టకటకా కొట్టారు. ఆయన కళ్ళు తెరిచారు. ఇక అక్కడి నుంచి మాట పెగల్లేదు. ఫ్యాను వైపు చూశారు, గాజు కింద ఫోటోల వైపు చూశారు, తలుపు వైపు చూశారు. ఆమె మొహం వైపు తప్ప అన్ని వైపులా చూశారు. ఇన్ని వేల మాటలు ఆశువుగా చెప్పిన మనిషికి, ఎదురుగా ఒక జత కళ్ళు ఉండేసరికి ఒక్క వాక్యం కట్టడం చేతకాలేదు.

"అలా... అని ఉండకూడదు" అన్నారు చివరికి.

"ఎలా సర్?" అంది టీచరు. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. క్లాసులో పిల్లాడు సగం జవాబు చెప్పి ఆగితే అడిగినట్టు అడిగింది.

"మీ ఆయన కొట్టడం... నీ వల్లేనని."

"నా వల్ల కాదా సర్?"

"కాదు" అన్నారు. అంటున్నప్పుడు ఆమె వైపు చూశారు. బహుశా మొదటిసారి చూశారు.

టీచరు లేచి నిలబడింది. సోమవారం నుంచి వస్తాననీ, మొదటి పీరియడ్ మాత్రం కొన్నాళ్ళు ఎవరికైనా అప్పజెప్పమనీ వైస్ మేడమ్‌తో చెప్పి, బిషప్ గారికి వందనాలు చెప్పి వెళ్ళిపోయింది. బావగారు చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ కూర్చుండిపోయారు. ఆయన్ని అలా చూసి జాలిపడదామని వైస్ మేడమ్ నిజంగానే ప్రయత్నించింది. రాలేదు.

ఇంటి దగ్గర భర్త ఆమెతో మాట్లాడడం మానేశాడు. అన్నం వడ్డిస్తే తినేవాడు, వెళ్ళేవాడు. ఒకరోజు మధ్యాహ్నం ఆమె కావాలనే మందుల షాపుకి వెళ్ళింది. బేరాల్లేవు. అతను అరలో సీసాలు సర్దుతున్నాడు. అన్నయ్య నాకు తండ్రితో సమానం అన్నాడు, వెనక్కి తిరగకుండానే. నాకు తెలుసు, నేను మాట్లాడింది మా ప్రిన్సిపాల్ గురించి, అంది. అతను ఇంకో వరస సీసాలు సర్దాడు.

"చిన్నప్పుడు నేను పక్క తడిపేవాణ్ణి" అన్నాడు ఉన్నట్టుండి. "చాలా పెద్దయ్యే దాకా. చుట్టాలొచ్చినా సరే, అన్నయ్య సాయంత్రం ప్రార్థనలో చెప్పేవాడు. తమ్ముణ్ణి ఈ అపవిత్రత నుంచి విడిపించు ప్రభువా అని. మా మేనమామ పిల్లలు నవ్వు ఆపుకోలేక ఆమెన్ అనేవాళ్ళు."

ఆమె కౌంటరు చెక్క పైకెత్తి లోపలికి వెళ్ళి అతని పక్కన నిలబడింది. అతను చేతిలో ఉన్న సీసాని ఆమెకి అందించాడు, ఆమె దాన్ని అరలో పెట్టింది. ఆ సాయంత్రం నుంచి మళ్ళీ మాట్లాడాడు.

బావగారికి శిక్ష పడిందనుకునేరు. పెద్దవాళ్ళని కిందికి దించడం ఆ కమిటీకి తెలియదు, పైకి దించడమే తెలుసు. ఆయన్ని ప్రిన్సిపాల్ పదవి నుంచి తప్పించి, అన్ని క్రైస్తవ పాఠశాలలకీ ఆత్మీయ నాయకత్వ శిక్షకుడు అన్న కొత్త పదవి ఒకటి పుట్టించి అందులో కూర్చోబెట్టారు. కారు కూడా ఇచ్చారు. వీడ్కోలు సభలో శాలువా కప్పారు. ప్రభువు తనని చిన్న తోట నుంచి పెద్ద తోటకి పిలిచాడని ఆయన అక్కడ చెప్పుకున్నారు. ఆ మాట నిజంగానే నమ్మారని వైస్ మేడమ్‌కి అనిపించింది. బిషప్ గారి ఆఫీసులో ఆయన నోటివెంట వచ్చిన ఆ ఒక్క మాట అప్పటికే మరిచిపోయి ఉంటారు.

ఆమెని ఇన్‌ఛార్జి ప్రిన్సిపాల్‌ని చేశారు. అసలు పదవి సంగతి తర్వాత చూస్తామన్నారు. మొదటి రోజు స్టాఫ్ రూములో, ఇకపై ఎవరి ప్రార్థన వాళ్ళు మనసులోనే చేసుకుందామని, ఎవరితోనైనా ఏమైనా అనాల్సి వస్తే తను గదిలోకి పిలిచే అంటానని చెప్పింది. అందరూ తలలు వంచుకున్నారు. ఆ నిశ్శబ్దం అలవాటు లేక మనుషులు కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డారు. మధ్యాహ్నమే లెక్కల టీచర్ని పిలిచి ఆలస్యం గురించి గట్టిగా చీవాట్లు పెట్టింది. లెక్కల టీచరు కూడా ఊరుకోలేదు, స్కూలు బస్సు వేళలు మార్చింది ఎవరని నిలదీసింది. మార్చింది తనేనని గుర్తొచ్చి ఇన్‌ఛార్జి మేడమ్ మాట వెనక్కి తీసుకుంది. ఇద్దరూ కాసేపు మొహాలు మాడ్చుకుని, తర్వాత మామూలైపోయారు.

మూడో తరగతి టీచరుతో మాత్రం చనువు కుదరలేదు. వందనాలు చెబుతుంది, పని చేస్తుంది, వెళ్ళిపోతుంది. ఇన్‌ఛార్జి మేడమ్ ఏదైనా చమత్కారం ఆడితే మర్యాదగా విని ఊరుకుంటుంది. పక్క క్లాసు వాళ్ళు మాత్రం, మూడో తరగతి గోలకి పాఠం చెప్పలేకపోతున్నామని మళ్ళీ ఫిర్యాదులు మొదలుపెట్టారు.

వానల్లో ఒకరోజు పక్క ఊరి స్కూలు హెడ్‌మాస్టారు ఫోను చేశాడు. ఆ రోజు హాల్లో తనకంటే అల్పుడు లేడని చెప్పుకున్న మనిషే. కుశల ప్రశ్నలయ్యాక గొంతు తగ్గించాడు. మీ బావగారు శిక్షణకని వచ్చి మా స్కూల్లోనే మకాం వేశారు, పొద్దుటి ప్రార్థన ఆయనే చేస్తున్నారు, నిన్న నా గురించి కూడా చేశారు, మళ్ళీ మీ దగ్గరికి ఎప్పుడు పిలిపించుకుంటారమ్మా, అన్నాడు. ఏడుపు గొంతు.

ఆయనతో నేరుగా చెప్పండి సర్, అంది ఆమె. మొహం చూసి చెప్పండి, అంతకంటే ఏమీ అక్కర్లేదు, అంది. అబ్బే, పెద్దాయన, ఎలా చెప్తామమ్మా, మీరూ కాస్త ప్రార్థనలో పెట్టండి అని అతను ఫోను పెట్టేశాడు.

ఆమె రిసీవరు వంక ఒకసారి చూసి దాన్ని దాని చోట పెట్టింది. బయట వానకి చివరి బస్సు ఇంకా రాలేదని, పిల్లలు వరండాలో తడిసిపోతున్నారని డ్రిల్లు మాస్టారు కేకేస్తున్నాడు. గొడుగు తీసుకుని వెళ్ళింది.